టాంకు అను నామవాచకము

ఆంగ్లభాష నభ్యసించు విద్యార్థులు తఱచుగా ఒక ఆంగ్లపదమున కొక తెలుగుపదము చొప్పున జాబితా వ్రాసికొని కంఠస్థము చేయుదురు. క్రింది తరగతులలో ఈ పద్ధతి కొంత సాయపడును. పై తరగతులకు వచ్చిన పిమ్మట నిదియే కీడు చేయును. ఇందుకు నిదర్శనముగా టాంకు అను చిన్నమాటను గైకొందము.

ఈ మూడు వాక్యములను చూడుడు.

1. ది విలేజ్ టాంక్ ఈజ్ ఫుల్.
2. ది టాంక్ ఆన్ ది రూఫ్ ఈజ్ ఫుల్.
3. ది టాంక్స్ క్రాస్డ్ ది రివర్.

మొదటి దానిలో టాంకనగా చెఱువు. రెండవ దానిలో మిద్దెమీది నీళ్ల తొట్టి. మూడవ దానిలో ఫిరంగులు గలిగి యినుపపట్టాలపై నడచు యుద్ధశకటము. మాట యొకటే, వస్తువులు మూడు. వీని కేమి చుట్టఱికమో విచారింతము.

మూలము. ఈ మాట 17వ శతాబ్దమునందు హిందూదేశమునకు వచ్చిన వర్తకుల మూలమున ఆంగ్లమున వ్యాప్తిలోనికి వచ్చినది. పశ్చిమతీరమున గుజరాతీలును మహారాష్ట్రులును నీటి తొట్టిని, భూమిలో కట్టిన జలాశయమును టాంకుం, టాంకే అని పిలుతురు. అచ్చటికి ముందే వచ్చిన పోర్చుగీసువారి భాషలోను టాంకె అను మాట కలదు. అది నీటిని పాఱనీయక ఆపుట అను నర్థముగల వారి క్రియకు సంబంధించినది. 1886వ సంవత్సరమున యూల్, బర్నెల్ అను పండితులు ప్రకటించిన హాబ్సన్-జాబ్సన్ అను నిఘంటువులో ఈ పదమునకు హిందూదేశపు మూలమొకటి, ఐరోపా మూలమొకటి, రెండును కానవచ్చుచున్నవని తెలిపిరి. రెండు కాలువలు కలిసిన తావున ఏ నీరు దేనిదో వేఱుచేయుట యెవరి తరము?

హైదరాబాదునందు 16వ శతాబ్దమున నిర్మింపబడిన హుస్సేన్ సాగరుపై నున్న బాటను టాంక్ బండ్ అందురు. బండ్ అనునది పారసీకమునుండి వచ్చినది. కట్టు అని దాని యర్థము. మన తెలుగునను చెఱువును త్రవ్వించిరనుటయే కాక చెఱువు కట్టించిరనియు అందుము గదా. నీటిని కట్టిపెట్టునది గనుకనే గట్టునకు కట్ట యని పేరు. భాషలు వేఱైనను ప్రజల యూహ యొక్కటియే.

అర్థముల వ్యాప్తి. ఇంగ్లండునందు వర్షము ఏడాది పొడుగున కురియుచుండును. అందుచే మన చెఱువులవంటివి యచ్చట అరుదు. అచ్చటివారు ఈ మాటను నీటికో, నూనెకో చేసిన పెద్ద పాత్రకు వాడుకొనిరి. మోటారు బండిలోని పెట్రోలు టాంకు, చేపలను పెంచు గాజు తొట్టి ఈ తెగలోనివే.

యుద్ధశకటమున కీ పేరు వచ్చిన కథ విచిత్రమైనది. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులోని లింకన్ నగరమున ఈ యంత్రములను రహస్యముగా నిర్మించుచుండిరి. ఇంచుమించు 28 టన్నుల బరువుగల ఆ యినుప పెట్టెలను దాచుట యెట్లు? అవి నీటిని మోయు తొట్లని చెప్పి, 1915వ సంవత్సరాంతమున వానికి టాంకు అను మాఱుపేరు పెట్టిరి. 1916 సెప్టెంబరు 15వ తేదీన ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగమున నవి మొదటిసారి బయలుదేఱినవి. రహస్యము తీఱినను పేరు మాఱలేదు. ఒక కల్ల నిఘంటువులో నర్థమై నిలిచినది.

ఇటీవలి కాలమున రాజ్యవ్యవహారములను గూర్చి పరిశోధించి సలహాలిచ్చు సంస్థను థింక్ టాంక్ అనుచున్నారు. దీనిలో నీరును లేదు, ఫిరంగియు లేదు.

ప్రయోగము. మన నాయుడుపేట ప్రాంతమున పలువిధములైన జలాశయములు కలవు. స్వర్ణముఖి నది గనుక రివర్ అనవలెను. ఉప్పునీరు కలిసిన పులికాటు లగూన్ అనబడును. గూడబాతులు చెట్లపై గూళ్లు పెట్టుకొను నేలపట్టు చెఱువును టాంక్ అనవలెను. దేవాలయపు కోనేరు టెంపుల్ టాంక్. చిన్న కుంట పాండ్. తూమును స్లూయిస్ అనియు, మిగులు నీరు పొర్లిపోవు కలుజును సర్‌ప్లస్ వియర్ అనియు అందురు. ఆయకట్టు అను మన మాటనైతే ఇంజనీర్లు తమ ఆంగ్లమున నట్లే యుంచుకొనిరి.

ఈ భేదములు పరీక్షకొఱకు మాత్రమే కావు. ఊరికి వచ్చిన ఆంగ్ల కాగితమును తండ్రి చదువుకొన్న కుమారుని చేతికిచ్చి, ఇందేమున్నదని యడుగుట మన పల్లెలలో వాడుక. ఆ కాగితమున టాంక్ బెడ్ అని యున్నదనుకొనుడు. టాంకనగా తొట్టి, బెడ్డనగా పఱుపు అని నేర్చిన బాలుడు ఏమి చెప్పగలడు? దాని యర్థము చెఱువు గర్భము. రెవెన్యూ నిబంధనలు ఆ భూమిని పట్టాగా నిచ్చుటను నిషేధించినవి. వేసవిలో నది యెండి మెట్టపొలమువలె కనబడును. అమ్మజూపినవాని మాట నమ్మి యచ్చట ఇల్లు కట్టినవానికి, కార్తికమాసపు వానలు వచ్చినప్పుడు గదా ఆ మాట యర్థము తెలియును! ఒక పదమును సరిగా చదివిన బాలుడు తన తండ్రి కష్టార్జితమును కాపాడినవాడగును.

కావున విద్యార్థులారా, నిఘంటువు తెఱచినప్పుడు మొదటి యర్థముతో తృప్తి నొందకుడు. పదమునకు ముందు వెనుకల నున్న మాటలను చూడుడు. ఆ వాక్యము ఏ దేశమున, ఏ పనిని గూర్చి వ్రాయబడినదో యోచింపుడు. తల్లిదండ్రులకును మా మనవి యొకటి కలదు. మీ చెఱువు కట్టపై పిల్లలను నడిపించి, తూము, కలుజు, ఆయకట్టు చూపుడు. తెలుగుపేరు తెలియని వస్తువునకు ఆంగ్లపేరు నేర్పుట మాకును కష్టమే.

అభ్యాసము: మీ గ్రామపు చెఱువును వర్ణించుచు ఆంగ్లమున పది వాక్యములు వ్రాయుడు. దాని భాగముల పేర్లను పెద్దలనడిగి తెలుగున ప్రక్కన వ్రాసికొనుడు.