గోడమీది వారికి వినబడిన మాట

లేఖన భాగములు: యెషయా 7:1-9, 2 రాజులు 16:5-9, యెషయా 36:1-21, యిర్మీయా 29:4-9



2025వ సంవత్సరము మే నెల మొదటి దినములను మనలో ఎవరును మరచియుండరు. ఏప్రిల్ 22న పహల్గాములో 26 మంది చంపబడిరి. వారిలో ఉద్యోగ నిమిత్తము బెంగుళూరులో స్థిరపడిన తెలుగువారును ఉండిరి. మే 7న తెల్లవారకముందే మన సైన్యము ఆపరేషన్ సిందూర్ పేరిట దాడులు జరిపెను. ఆ దినముననే 244 పౌర రక్షణ జిల్లాలలో అభ్యాసము జరుపవలెనని కేంద్ర హోం శాఖ ముందుగా ఉత్తరువిచ్చియుండగా, బెంగుళూరును ఆ జాబితాలో నుండెను. ఆ సాయంకాలము హలసూరులో సైరను మ్రోగినది, పౌర రక్షణ దళమును అగ్నిమాపక సిబ్బందియు అభ్యాసము చేసి చూపిరి. 1971 యుద్ధమునకు తరువాత పుట్టినవారికి అది క్రొత్త శబ్దము.

మనము కాపురమున్న స్థలములు కూడ భయమునకు చోటిచ్చినవి. మనవారిలో అనేకులు విమానపురము, మారతహళ్లి, కె.ఆర్.పురము, జాలహళ్లి ప్రాంతములలో ఉన్నారు. 1940లో ఆరంభమైన విమాన కర్మాగారము ఒక ప్రక్క, 1954లో వచ్చిన భారత్ ఎలక్ట్రానిక్స్ మరియొక ప్రక్క, ఇస్రో ఇంకొక ప్రక్క. "కొట్టదలచినవాడు మొదట కొట్టునది మన ఊరినే" అని ఇంటింట అనుకొంటిమి. దగ్గరి సరిహద్దు ఇక్కడికి సుమారు 1,500 కిలోమీటర్లని ఎవరికిని జ్ఞాపకము రాలేదు.

మే 8, గురువారము. ఆ రాత్రి గృహ ప్రార్థనలో జరిగిన సంగతిని దాచక చెప్పవలెను. మాలోని పెద్దలలో ఒకరు తన ఫోనుకు వచ్చిన సందేశమును ప్రార్థనాంశముగా అందరికిని చదివి వినిపించిరి. రెండు మూడు దినములు ఏటీఎంలు మూతపడునని, విమానాశ్రయమునకు ముప్పున్నదని, పిల్లలను ఊళ్లకు పంపివేయుట మంచిదని దానిలో నున్నది. ఆయన దుర్బుద్ధితో చదువలేదు. వినిన మేమును అడ్డు చెప్పలేదు. తలలు వంచి ప్రార్థించి, ఇండ్లకు పోయి, అదే సందేశమును మా బంధువులకు పంపితిమి.

ఆ కూటములో వెనుక వరుసలో ప్రకాశం జిల్లానుండి వచ్చి మేస్త్రీ క్రింద పనిచేయుచున్న తమ్ముడొకడు భార్యాబిడ్డలతో కూర్చుండెను. సంఘములో పెద్దలు చదివిన మాటగదా, అబద్ధమెట్లగును? వారపు కూలి చేతికి వచ్చునది శనివారము. అతడు శనివారమువరకు ఆగలేదు. మరునాడు రాత్రి బస్సుకు అప్పు చేసి కుటుంబముతో ఊరికి వెళ్లిపోయెను. ఏటీఎంల మాట నిజము కాదని ప్రభుత్వ సమాచార శాఖ ప్రకటించినది. శనివారము, అనగా మే 10 సాయంకాలము 5 గంటలకు కాల్పులు నిలిచినవి. పది దినములకు అతడు తిరిగి వచ్చునప్పటికి ఆ పనిలో మరియొకడు చేరియుండెను. సందేశము పంపినవారిలో ఒక్కరికిని ఒక్క రూపాయి నష్టము కలుగలేదు.

ఈ సంగతి మనస్సును పొడుచుచుండగా యెషయా 7వ అధ్యాయమును మరల చదివితిమి.

క్రీ.పూ. 735 ప్రాంతములో ఆహాజు యూదాకు రాజు. సిరియా రాజైన రెజీను, ఇశ్రాయేలు రాజైన పెకహు ఏకమైరని అతనికి వర్తమానము వచ్చినది. శత్రువు ఇంకను గోడ దాటలేదు, వచ్చినది వర్తమానమే. దానికే రాజు హృదయమును జనుల హృదయమును గాలికి ఊగు అడవి చెట్లవలె అల్లాడినవని ప్రవక్త వ్రాయుచున్నాడు. అప్పుడు ఆహాజు ఎక్కడ ఉన్నాడో గమనించుడి. చాకిరేవు దారిలో, పై కోనేటి కాలువ కడ. ముట్టడి వచ్చినయెడల పట్టణమునకు నీళ్లెట్లని అతడు చూచుకొనుచుండెనని వ్యాఖ్యానకర్తలు చెప్పుదురు. దేవుడు ప్రవక్తను అక్కడికే పంపెను. నీళ్లు చూచుకొనుట అవిశ్వాసమని ప్రవక్త గద్దింపలేదు. జాగ్రత్తగా ఉండుము, నెమ్మదిగా ఉండుము, ఆ ఇద్దరు పొగ రాజుచున్న కొరవి కొనలే అను భావముతో చెప్పెను. కాబట్టి సైరను విని దీపములార్పుట నేర్చుకొనుట, ఇంట కొన్ని మందులు, కొవ్వొత్తులు ఉంచుకొనుట, అధికారులు చెప్పినట్లు నడుచుకొనుట విశ్వాసమునకు విరోధము కాదు. "దేవుడున్నాడు, అభ్యాసమెందుకు?" అని అడిగిన యౌవనస్థులకు ఇదియే మా జవాబు.

ఆహాజు నెమ్మదిగా ఉండలేదు. 2 రాజులు 16వ అధ్యాయములో చూడుడి. మందిరపు వెండి బంగారములు తీసి అష్షూరు రాజునకు పంపి, నీ దాసుడను, నీ కుమారుడనని చెప్పుకొనెను. అష్షూరు వచ్చినది. క్రీ.పూ. 732లో దమస్కు పడిపోయెను, 722లో షోమ్రోను పడిపోయెను. అతడు భయపడిన ఇద్దరును పోయిరి. అయితే క్రీ.పూ. 701లో, అతని కుమారుడైన హిజ్కియా దినములలో, ఆ అష్షూరు సేనయే యూదామీదికి వచ్చినది. దాని అధికారియైన రబ్షాకే ఎక్కడ నిలిచెనో యెషయా 36:2 చదివి చూడుడి. పై కోనేటి కాలువ, చాకిరేవు దారి! తండ్రి భయపడి సహాయము కొరకు కబురంపినవారు, తండ్రి భయపడిన స్థలముననే కుమారునికి ఎదురుగా నిలిచిరి. ఈ రెండు అధ్యాయములను ఎన్నో మారులు విడివిడిగా చదివితిమి గాని, ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూచుట మాకిదే మొదలు.

రబ్షాకే చేసిన పని ఇంకను గమనింపదగినది. అతడు బాణము వేయలేదు, మాటలాడెను. సిరియా భాషలో మాటలాడుము, ప్రాకారముమీదనున్న జనులు వినునట్లు మా భాషలో వద్దని హిజ్కియా మనుష్యులు బతిమాలగా, అతడు గొంతెత్తి యూదుల భాషలోనే కేకలు వేసెను. రాజసభలో వారికంటె గోడమీద కాపలా కాయు పేదవాడే అతని గురి. మన ఫోనులకు వచ్చు సందేశములు తెలుగులో ఎందుకు వచ్చునో, చివర "పదిమందికి పంపుడి" అని ఎందుకుండునో ఆలోచించుడి. ఇంగ్లీషు పత్రికలో చదివినదానిని మనము సందేహింతుము. అమ్మ భాషలో, మేనమామగారి నంబరునుండి వచ్చినదానిని సందేహింపము.

హిజ్కియా జనులు ఏమి చేసిరి? రాజాజ్ఞ ప్రకారము ఒక్క మాటయు పలుకక ఊరకుండిరి. పెద్దలు మాత్రము బట్టలు చింపుకొని, ఆ మాటలను రాజునొద్దకు తీసికొనిపోయిరి. వారు వార్తను దాచలేదు, మోయవలసినవారి యొద్దకు మోసిరి. వీధిలో మాత్రము చాటలేదు.

గోడమీదివారికి భయము సోకినప్పుడు ఏమగునో ఈ పట్టణము లోగడ చూచినది. 2012 జూలైలో అస్సాములో అల్లర్లు జరిగిన తరువాత, ఈశాన్య రాష్ట్రములవారిపై దాడులు జరుగునని వదంతులు పుట్టినవి. ఆగస్టు 15 మొదలు బెంగుళూరు సిటీ స్టేషనులో వేలమంది కాపలాదారులు, హోటలు పనివారు, విద్యార్థులు సంచులతో నిలిచియుండుట మనలో అనేకులు కన్నులార చూచితిమి. గౌహతికి ప్రత్యేక రైళ్లు నడిపిరి. మూకుమ్మడి ఎస్.ఎమ్.ఎస్.లను ప్రభుత్వము కొన్ని దినములు నిర్బంధింపవలసి వచ్చెను. ఆ దినములలో మనము మన ఇండ్లలో సుఖముగానుండి, పాపము వీరెంత అమాయకులని అనుకొంటిమి.

భయమంతయు వట్టిదని చెప్పుట మా ఉద్దేశము కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై నిజముగానే బాంబులు వేసినవి. 1971 డిసెంబరులో విశాఖ తీరముననే పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగినది. 2025 మే నెలలోను సరిహద్దు గ్రామములలో ఇండ్లు కూలినవి. బెంగుళూరుకు దూరము కాని శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలములోని కల్లితండాకు చెందిన యువ సైనికుడు మురళీ నాయక్ ఆ కాల్పులలో ప్రాణము విడిచెను. సైన్యములో బిడ్డలున్న తల్లులు మన సంఘములలోను ఉన్నారు. వారి కన్నీటిని వదంతియని ఎవరనగలరు? అయితే మేము చూచినంతలో ఆ తల్లులు ఒక్క సందేశమును ఎవరికిని పంపలేదు. పిల్లవాని ఫోను కొరకు కనిపెట్టుచు ఫోనును ఖాళీగా ఉంచుకొనిరి.

సంతోషపెట్టు వదంతి కూడ వదంతియే. ఆ వారములో కరాచీ రేవు ధ్వంసమైనదని టీవీలో విని మనలో కొందరు చప్పట్లు కొట్టితిమి. అది నిజము కాలేదు. బబులోనులో వలస బ్రదుకు బ్రదుకువారికి యిర్మీయా వ్రాసిన పత్రికలో, ఇండ్లు కట్టుకొనుడి, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించుడి అను మాటలను మన వార్షికోత్సవములలో తరచుగా చదువుదుము. దాని ప్రక్కనే, తియ్యని మాటలు చెప్పు ప్రవక్తలచేత మోసపోకుడని ఉన్నది. ఆ వచనమును అంతగా చదువము. పట్టణపు క్షేమమనగా మన వీధి క్షేమము మాత్రమే కాదు. ఆ దినములలో మన వీధి చివర మాంసపు కొట్టు నడుపు ముస్లిము సోదరునితో కొందరు మాటలు తగ్గించిరని విని సిగ్గుపడితిమి. ఆయన తాతగారి కాలమునుండి ఈ ఊరివాడు. మనమే ఆయనకంటె తరువాత వచ్చినవారము.

మే 11 ఆదివారము, గెలుపు కొరకు ప్రార్థింపవలెనా, యుద్ధము మరల రాకుండ ప్రార్థింపవలెనా అని మా కూటములో మాట పట్టింపు వచ్చినది. అది తేలలేదు. చివరకు ఒక సైనికుని తల్లి లేచి, "నా కొడుకు ఇంటికి రావలెనని అడుగుడి, చాలు" అనెను. అట్లే అడిగితిమి.

ఆ మేస్త్రీ తమ్మునికి నష్టపోయిన కూలిని సంఘ పేటికనుండి కాక, సందేశము పంపినవారమే వేసికొని ఇచ్చితిమి. జూన్ నెలలో హోసకోటె వైపు వేరొక పని దొరికినది. ఆ రాత్రి చదివిన పెద్దాయన అతని గదికి స్వయముగా వెళ్లి క్షమాపణ చెప్పిరి. తమ్ముడు టీ తెప్పించి, "మీరు కాకపోతే ఇంకెవరైన చదివేవారు లెండి" అనెనట. ఆ మాట తనకు ఓదార్పు కాలేదని ఆయన మాతో చెప్పిరి.

వచ్చే గృహ కూటమునకు యెషయా 36వ అధ్యాయము అందరును ఇంటివద్ద చదివి రావలెను. మీ ఫోనులో భయపెట్టు సందేశమేదైన ఉన్నయెడల ఎవరికిని పంపక, దానిని అట్లే తీసికొని రండి. అది ఎవరినుండి వచ్చినదో, వారికి ఎవరినుండి వచ్చినదో కలిసి వెదకుదము.