గోంగూరలో బి.పి. మందు ఉందా?



మన హాస్టల్లో గోంగూర పప్పు తిని పెరిగిన వాణ్ణి. ఇప్పుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే కాబట్టి ఎవరికి ఏ సందేహం వచ్చినా నన్నే అడుగుతారు. శివరాత్రికి ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మ అడిగిన సందేహమే ఈ వ్యాసం.

అమ్మ మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరే పనికి వెళుతుంది. బి.పి. 160/100 ఉందని డాక్టరుగారు రోజూ ఒక బిళ్ళ వేసుకోమన్నారు. పది రోజులుగా అమ్మ అది మానేసింది. "గోంగూర తింటే బి.పి. తగ్గుద్దంట గదా నాయనా, ఇంక బిళ్ళలెందుకు?" అంది.

ఫ్లేవనాయిడ్లు అంటే ఏమిటి?

ఇవి మొక్కలు తయారుచేసుకునే రసాయనాలు. చాలా పువ్వులకు, పండ్లకు రంగు వీటివల్లే వస్తుంది. ఉల్లిపాయలో క్వెర్సెటిన్, మన పత్తి పువ్వుల్లో గాసిపెటిన్ ఉంటాయి. 1934లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన ఆచార్య టి.ఆర్. శేషాద్రి, ఆయన శిష్యులు పత్తి పువ్వుల మీద, గోంగూర పువ్వుల మీద పరిశోధనలు చేశారు. మన చేలో పువ్వు కూడా కెమిస్ట్రీ పాఠమేనన్నమాట!

బి.పి. తగ్గుతుందా?

ఎర్ర గోంగూర పువ్వు రాలాక కాయ చుట్టూ ఎర్రగా, కండగా రక్షకపత్రాలు మిగులుతాయి. వాటిలో ఆంథోసయనిన్లు అనే ఫ్లేవనాయిడ్లు ఉన్నాయి. రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్ తయారు కావడానికి ఒక ఎంజైమ్ కావాలి. ఆ ఎంజైమ్‌ను ఇవి అడ్డుకుంటాయని ప్రయోగశాలలో తేలింది. ఎనలాప్రిల్ అనే బి.పి. బిళ్ళ పనిచేసేదీ ఆ ఎంజైమ్ మీదే.

అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వారు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. 65 మందిలో కొందరికి ఈ రక్షకపత్రాల టీ రోజుకు మూడు కప్పులు, మిగిలినవారికి ఉత్త రంగునీళ్ళు, 6 వారాలపాటు ఇచ్చారు. పై అంకె టీ తాగినవారిలో సగటున 7.2, రెండోవారిలో 1.3 తగ్గింది.

మరి బిళ్ళ మానవచ్చా?

మానకూడదు. ఎందుకంటే:

1. ఆ 65 మందికీ బి.పి. కొద్దిగానే ఎక్కువ. వారెవరూ బి.పి. మందులు వాడేవారు కాదు. 160 నుంచి 7 తీసేస్తే మిగిలేది 153. అదీ ఎక్కువే.

2. వారు తాగింది ఉప్పులేని టీ. మనం తినేది ఆకు పచ్చడి. రోజుకు 5 గ్రాముల లోపే, అంటే ఒక చెంచాలోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నిలవ పచ్చడితో రెండుపూటలా అన్నం తింటే బి.పి. తగ్గడం అటుంచి పెరుగుతుంది.

3. బిళ్ళ వేసుకుంటూ ఆ టీ కూడా తాగాలనుకుంటే ముందు డాక్టరుగారిని అడగాలి.

ఇదంతా అమ్మకు లెక్క వేసి చూపించాను. మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మళ్ళీ బిళ్ళ వేసుకుంటోంది, పచ్చడి తగ్గించింది. నెల తర్వాత చూపిస్తే 138/86 వచ్చింది.

తమ్ముళ్ళూ! బి.పి. పెరిగినా చాలామందికి నొప్పి, బాధ ఏమీ తెలియదు. తెలిసేసరికి పక్షవాతమో, గుండెపోటో వస్తుంది. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నలకు బి.పి. చూపించండి. బిళ్ళలు వేసుకుంటున్నారో లేదో అడగండి. మనలో చాలామంది ఇళ్ళల్లో ఆ మందుల చీటీ చదవగలిగేది మనమే కదా!