హబ్బు నుంచి గ్రీజు కారుతుంటే...

ప్రశ్న: ట్రాక్టర్ ట్రాలీ చక్రానికి ఆయిల్ సీలు రెండుసార్లు మార్చాం. గ్రీజు కారడం ఆగలేదు. సీలు నాసిరకమా? - ఒక రైతు

జవాబు: సీలును అనుమానించే ముందు ఇరుసును చూడండి. ఇంజన్లో షాఫ్టు తిరుగుతుంది, సీలు కదలదు. మీ ట్రాలీలో ఇరుసు కదలదు, హబ్బుతోపాటు సీలే తిరుగుతుంది. అలా తిరిగే సీలు పెదవి వేగం బాగా పెరిగితే ఇరుసు మీంచి లేస్తుంది. ట్రాలీ వేగానికి ఆ భయం లేదు. ఇక్కడ దొంగలు వేరే: ఇరుసు మీద అరిగిన గాడి, బేరింగు లూజు.

మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి. ఆడితే హబ్బుతోపాటు సీలూ ఊగుతున్నట్టే; ముందు బేరింగు సరిచేయించాలి. తర్వాత సీలు కూర్చునే చోట ఇరుసును గోటితో గీరండి. గోరు తట్టుకుంటే ఎంత ఖరీదైన సీలు వేసినా దండగే. అక్కడ పలుచని స్టీలు స్లీవు ఎక్కించాలి.

కొత్త సీలు స్ప్రింగు వైపు గ్రీజు దిక్కుకు ఉండాలి. పెదవికి గ్రీజు రాసి, చెక్క అడ్డం పెట్టి సమంగా కొట్టండి. బేరింగులకు గ్రీజు బాగా పట్టించండి, మధ్య ఖాళీని మాత్రం సగానికి మించి నింపకండి.

హబ్బు చెయ్యి పెట్టలేనంత కాలినా, గరగర శబ్దం వచ్చినా లోడు వేయకుండా వెంటనే మెకానిక్‌కు చూపించండి.