ఎరిగిన నీరు - ఏమరుపాటు

నీటిపై ప్రయాణము చేయువారికి రెండు విధములైన అపాయములు కలవు. ఒకటి కంటికి కనబడునది. రెండవది నీటి చాటున దాగియుండునది. పెనుగాలి వీచినను, అలలు లేచినను నావికుడు ముందే జాగ్రత్తపడును. నీట మునిగిన రాయి అట్టి హెచ్చరిక యేదియు నొసగదు. అందును, ఎరుగని చోటికంటె బాగుగ ఎరిగిన చోటనే దానివలన కీడు మూడుట కలదు. ఏలయన, క్రొత్తచోట మనుజుడు వెరపుతో మెలగును, తెలిసినచోట ఏమరియుండును. ఇందులకు ఒక మహానౌక కథయే నిదర్శనము.

ఇటలీ దేశపు పడమటి తీరమునకు చేరువను జీల్యో అను చిన్న దీవి కలదు. దాని ఒడ్డున సముద్రములో 'లే స్కోలే' అను రాళ్ల గుంపున్నది. 2012వ సంవత్సరము జనవరి 13వ తేదీ సాయంకాలము కోస్టా కాంకార్డియా అను విహారనౌక చివితావెక్కియా రేవునుండి సవోనాకు బయలుదేరెను. దాని పొడవు 290 మీటర్లు. అందు ప్రయాణికులును, సిబ్బందియు కలిసి 4,200 మందికి పైగా ఉండిరి.

నౌకాధిపతియగు ఫ్రాంచెస్కో స్కెట్టీనోకు ఆ తీరము క్రొత్తది కాదు. దీవివారికి వందనము చేయునట్లు ఒడ్డున కానుకొని పోవుట కొందరు నావికులకు వేడుక. ఆ రాత్రి ఆతడును నిర్ణయించిన దారి విడిచి దీవి వైపునకు నౌకను మరలించెను. అంత చేరువగా పోవుటకు తగినంత వివరముగల పటమును చూడలేదు. రాత్రి 9 గంటల 45 నిమిషములకు నౌక ఎడమప్రక్క రాతికి తగిలెను. సుమారు 53 మీటర్ల పొడవున ఉక్కుపలక చీలిపోయెను. నీరు లోనికి పొర్లెను, యంత్రము లాగిపోయెను, దీపము లారెను. గాలి నౌకను మరల ఒడ్డు వైపునకు నెట్టగా అది ఒరిగిపోయెను.

నౌకను విడువుడను ఆజ్ఞ వెలువడుటకు గంటకు పైగా పట్టెను. అప్పటికి నౌక మిక్కిలి ఒరిగినందున కొన్ని రక్షణ పడవలను దింపుటయే సాధ్యము కాలేదు. 32 మంది మరణించిరి. వారిలో నౌకలో కొలువు చేయుచుండిన భారతీయు డొకడు కలడు. ఆతని శరీరము దొరకుటకు 2014వ సంవత్సరము వచ్చెను. ప్రయాణికు లింకను నౌకలో నుండగనే దిగిపోయిన స్కెట్టీనోకు 2015లో న్యాయస్థానము 16 సంవత్సరముల శిక్ష విధించెను. రాయి మాత్రము తన చోటు విడిచి వచ్చినది కాదు. అది ఎప్పటివలెనే అచటనే యుండెను.

మన నదులలోను, జలాశయములలోను ఈ పాఠము మరువరానిది. శ్రీశైల జలాశయములో సంగమేశ్వరాలయము వానకాలమందు నీట మునిగి, వేసవిలో వెలికివచ్చును. శిఖరమంతయు కనబడునపుడు పడవవాడు తప్పుకొనిపోవును. మూరెడు నీరు కప్పినపుడే అట్టి కట్టడము పడవకు మృత్యువు. కావున నిన్న పోయిన దారియని నేడు నమ్మరాదు. నీటిమట్టము నేడెంతయో ముందు తెలిసికొనవలెను. ఏటేటి వరదలకు ఇసుకమేటలును చోటు మారును.

పారుచున్న నీరు కొంతవరకు తన లోగుట్టును తానే చెప్పును. చీలిన నీటిగీతల మొన ఎగువకు చూపుచున్నచో ఆ మొనవద్ద రాయి కలదని గ్రహింపవలెను. మొన దిగువకు చూపుచు, నడుమ నీరు నున్నగా జారుచున్నచో, అది సాధారణముగ రెండు రాళ్ల నడిమి దారి. నిలకడ నీటిలో ఈ గుర్తులు కానరావు. అచట వేగము తగ్గించి, గెడతో లోతు చూచుచు పోవలెను. ఎండ నీటిపై తళతళలాడునపుడును, చీకటిపడినపిమ్మటను పరిచయము లేని అంచులకు పోరాదు. పడవలోనివారందరును తేలుడు చొక్కాలు తొడుగుకొనవలెను.

గెడవేసి లోతుచూచు పడవవానిని పిరికివాడని నవ్వువారుందురు. ఆతని పడవలోనివారు మాత్రము సుఖముగ ఇల్లు చేరుదురు.