వెండి నీళ్లు: సీసాలో ఏముంది? ఒంట్లో ఏమవుతుంది?



ఈ నెల మన గోడపత్రికలో విజ్ఞాన శీర్షిక రాసే వంతు తొమ్మిదో తరగతికి వచ్చింది. కొల్లేరు పక్షుల గురించి రాయమని చాలామంది అడిగారు. అది వచ్చే నెలకు ఉంచాను. ఎందుకంటే దసరా సెలవుల నుంచి వచ్చాక మన హాస్టల్లో నాలుగైదు ట్రంకు పెట్టెల్లో నీలం సీసాలు కనబడుతున్నాయి. వాటిని వెండి నీళ్లు అంటున్నారు. ఏడో తరగతి చెల్లెలు ఒకామె అవి తాగుతూ మలేరియా బిళ్లలు మానేసింది. అందుకని ముందు ఇదే రాస్తున్నాను.

సీసా మీద కాగితం చదివాను. జ్వరం, మలేరియా, షుగరు, గజ్జి, కరోనా, కడుపులో పుండు, అన్నిటికీ ఇదే మందు అని ఉంది. తయారుచేసినవాళ్ల పేరు లేదు, లైసెన్సు నంబరు లేదు, తేదీ లేదు. ఎంత నీటిలో ఎంత వెండి ఉందో అసలే లేదు. అన్ని రోగాలకూ ఒకటే మందైతే ఆసుపత్రిలో అన్ని అలమారాలు ఎందుకో నాకు అర్థం కాలేదు. షుగరు లాంటి జబ్బులను నయం చేస్తామని ప్రకటించి మందులమ్మడం మన దేశంలో 1954 చట్టం ప్రకారం నేరం కూడా.

ఈ నీళ్లు ఎలా చేస్తారో మా చిన్నాన్న చూశాడు. ఆయన తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టుకు ముఠా పనికి వెళ్తాడు. అక్కడ దారి పక్కన ఒకతను గాజు గ్లాసులో నీళ్లు పోసి, రెండు వెండి తీగలు ఒకదానికొకటి తగలకుండా ముంచి, బ్యాటరీలు తగిలించాడట. కాసేపటికి తీగ దగ్గర పొగలాగా లేచిందట. "మీ ఇంట్లో పాత వెండి ఉంటే మీరే చేసుకోండి, రోజూ పొద్దున గ్లాసు, సాయంత్రం గ్లాసు తాగండి" అని చెప్పాడట. చిన్నాన్న ఇంటికొచ్చి అమ్మమ్మ కడియం అడిగాడు. అమ్మమ్మ ఇవ్వనంది. "నా పెళ్లినాటి కడియం నీళ్లలో కరగబెడతావంట్రా" అని తిట్టింది. అదే మంచిదైంది. పాత నగల వెండిలో రాగి కూడా కలిసి ఉంటుంది. కరిగితే రెండూ కరుగుతాయి.

ఇప్పుడు మన పాఠంలోకి వద్దాం. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ధన ధ్రువానికి కట్టిన తీగ నుంచి వెండి అయాన్లుగా నీటిలోకి దిగుతుంది. కొన్ని అయాన్లు కలిసి మళ్లీ చాలా చిన్న వెండి రేణువులు అవుతాయి. అవి అడుక్కి దిగకుండా నీటిలో తేలుతూ ఉంటాయి. దీన్నే కాంజికాభం, కొల్లాయిడ్ అంటారు. పాలు, పొగమంచు కూడా కాంజికాభాలే. చలికాలం తెల్లవారుజామున ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే బస్సులో కూర్చుంటే కొల్లేరు మంచులో బస్సు లైటు గీత గీసినట్టు కనబడుతుంది. అదే టిండాల్ ప్రభావం.

సైన్సు మేడం గారి ఎదుట మేము ఒక సీసా నీళ్లు పరీక్షించాం. ఒక గ్లాసులో సీసా నీళ్లు, ఇంకో గ్లాసులో బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ పోశాం. గది తలుపులు మూసి టార్చి వేశాం. సీసా నీళ్లలో వెలుతురు దారి కనబడింది. రెండో గ్లాసులో కనబడలేదు. తరువాత రెండింటిలో చిటికెడు ఉప్పు వేసి కలిపాం. సీసా నీళ్లు సన్నగా తెల్లని మసక వేశాయి. అది సిల్వర్ క్లోరైడ్. ఆ మసక నీళ్లను రెండు గ్లాసుల్లో సగం సగం పోసి ఒకటి ఎండలో, ఒకటి అలమారాలో పెట్టాం. మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి ఎండలోది బూడిద రంగుకు తిరిగింది. వెనక తెల్లకాగితం పెట్టి చూస్తే తేడా బాగా తెలిసింది. అలమారాలోది అలాగే ఉంది.

నాకు ఈ ప్రయోగమే అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకంటే ఉప్పు మన రక్తంలోనూ ఉంది, చెమటలోనూ ఉంది. కడుపులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంది. తాగిన వెండి చాలావరకు విరేచనంలో పోతుంది. కానీ కొంచెం రక్తంలోకి ఎక్కి చర్మం కిందికి చేరి అక్కడ ఉండిపోతుంది. మీద ఎండ పడేకొద్దీ నల్లబడుతుంది. పాతకాలం నలుపు తెలుపు ఫోటోలు కూడా వెండి లవణాల మీద వెలుతురు పడితేనే వచ్చేవి. మన కాలి పట్టీలు నల్లబడితే విబూదితో తోముకుంటాం. చర్మం లోపల నల్లబడితే దేనితో తోముతాం? ఈ జబ్బు పేరు ఆర్జీరియా. ముఖం, గోళ్లు, చిగుళ్లు, కళ్లలో తెల్లభాగం బూడిద నీలంగా అవుతాయి. వచ్చిందంటే సాధారణంగా పోదు.

అమెరికాలో మోంటానా రాష్ట్రంలో స్టాన్ జోన్స్ అనే ఆయనకు ఇదే జరిగింది. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోయి మందులు దొరకవని భయపడి, 1999 నుంచి ఇంట్లోనే వెండి నీళ్లు చేసుకుని తాగాడు. 2002లో ఆయన సెనేట్ ఎన్నికల్లో నిలబడినప్పుడు ఓటర్లందరూ ఆయన నీలి ముఖమే చూశారు. అదే 1999లో అమెరికా ప్రభుత్వ మందుల శాఖ, ఇలాంటి వెండి మందులు సురక్షితమనిగానీ పనిచేస్తాయనిగానీ ఒప్పుకోబోమని నిబంధన పెట్టింది. 2020లో కరోనాకు వెండి నీళ్లు అమ్మినవాళ్లకు హెచ్చరికలు పంపింది.

లెక్క కూడా వేశాను. జీవితం మొత్తం కలిపి 10 గ్రాముల వరకు వెండి పోయినా హాని ఉండకపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇంట్లో చేసిన నీళ్లలో లీటరుకు 20 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. రోజుకు రెండు గ్లాసులు, అంటే 400 మిల్లీలీటర్లు తాగితే 8 మిల్లీగ్రాములు. 10 గ్రాములు పూర్తవడానికి 1250 రోజులు. మూడున్నర సంవత్సరాలు కూడా పట్టదు. ఏడో తరగతిలో మొదలుపెడితే పది పాసయ్యేలోపు, ఇంటర్‌లో చేరేనాటికి అన్నమాట. మన దేశంలో తాగే నీటికి వెండి హద్దు లీటరుకు 0.1 మిల్లీగ్రాము. 20 అంటే దానికి 200 రెట్లు.

వెండి దేనికీ పనికిరాదని నేను అనను. వెండి అయాన్లు క్రిముల ప్రోటీన్లకు పట్టుకుని వాటిని చంపుతాయి, ఇది నిజం. 1880లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో క్రేడే అనే డాక్టరు పుట్టిన పిల్లల కళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి ఎంతోమందికి గుడ్డితనం తప్పించాడు. కాలిన పుండ్లకు ఆసుపత్రిలో రాసే తెల్ల మందులో కూడా వెండి ఉంటుంది. కొన్ని నీటి ఫిల్టర్ల క్యాండిల్‌కు వెండి పూత ఉంటుంది. కానీ ఇవన్నీ పైన రాసేవి, లేక క్యాండిల్‌కు అంటుకుని ఉండేవి. గ్లాసులతో కడుపులోకి పోసేవి కాదు. మన ఒంటికి ఇనుము కావాలి, జింకు కావాలి. వెండితో చేసుకునే పని ఒక్కటీ లేదు.

"కొల్లేరు వైపు నీళ్లు మంచివి కావు, అందుకే తాగుతున్నాం" అని ఒక అక్క నాతో అంది. నీళ్ల భయం నిజమే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే మురుగు, చెరువుల మందులు, పొలాల పురుగుమందులు అన్నీ కొల్లేరులోకే దిగుతాయి. 2020 డిసెంబరు 5 నుంచి ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. 600 మందికి పైగా ఆసుపత్రికి వెళ్లారు, ఒకరు చనిపోయారు. ఎయిమ్స్ వాళ్లు పరీక్షిస్తే కొందరి రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. తరువాత పురుగుమందుల అవశేషాలే ముఖ్య కారణమని నిపుణులు ప్రభుత్వానికి చెప్పారు. ఇందులో క్రిమి ఎక్కడుంది? సీసాన్ని, పురుగుమందును, ఉప్పును వెండి తీసెయ్యలేదు. లోహాల భయంతో ఇంకో లోహం తాగినట్టు అవుతుంది. క్రిముల కోసమైతే నీళ్లు బాగా తెర్లేదాకా మరగబెడితే చాలు. లేకపోతే ఆశా అక్క ఇచ్చే క్లోరిన్ బిళ్ల, కవరు మీద రాసిన కొలత ప్రకారం వేసి అరగంట ఆగాలి. మరగబెట్టినా పురుగుమందు పోదు కాబట్టి తాగే నీళ్లు కాలువ నుంచీ, చెరువు గట్టు నుంచీ తేకూడదు.

ఇక మలేరియా సంగతి. మన ఏజెన్సీలో ఇది అందరికీ తెలిసిన జ్వరమే. వైవాక్స్ రకం అయితే క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు ఇస్తారు. జ్వరం మూడు నాలుగు రోజుల్లో దిగుతుంది గానీ పరాన్నజీవి కాలేయంలో నిద్రపోతూ ఉంటుంది. దాని కోసమే పద్నాలుగు రోజులు. ఆ చెల్లెలు ఆరో రోజున బిళ్లలు ఆపింది. వాళ్లమ్మ ప్రేమతోనే సీసా పంపింది, ఆమెను ఎవరూ ఏమీ అనకండి. జ్వరం తగ్గింది క్లోరోక్విన్ వల్ల, పేరు వచ్చింది వెండి నీళ్లకు. వార్డెన్ మేడం గారు ఆమెను నర్సమ్మ గారి దగ్గరకు తీసుకెళ్లారు. ఇప్పుడు రాత్రి అన్నం తరువాత నర్సమ్మ గారి ఎదుటే బిళ్ల మింగుతోంది. ఇంకో సంగతి, వెండి నీళ్లు కొన్ని యాంటీబయాటిక్‌లను ఒంటికి పట్టనివ్వవు. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఇవి తాగుతున్నానని దాచకుండా చెప్పాలి.

సీసాలున్నవాళ్లు వాటిని బాత్‌రూము తూములో పారబొయ్యవద్దు. చేపలకూ నీటిలోని చిన్న జీవులకూ వెండి విషం. సైన్సు మేడం గారికి ఇవ్వండి, పేరు అడగరు. వచ్చే ఆదివారం ఎండ బాగా కాస్తే పొద్దున తొమ్మిది గంటలకు భోజనశాల వరండాలో ఉప్పు ప్రయోగం మళ్లీ చేస్తాం. గాజు గ్లాసులు వంట అక్క ఇస్తానంది. టార్చి ఉన్నవాళ్లు తెచ్చుకోండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని