పాఠం: వాన నీటిలో తడిసిన రూం హీటరు – ఏం చేయాలి, ఏం చేయకూడదు

కువైట్‌లో ఎండలే కాదు, డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలి కూడా బాగా ఇబ్బంది పెడుతుంది. అదే కాలంలో వానలు కూడా పడతాయి. 2018 నవంబరులో కురిసిన భారీ వానలకు రోడ్లు, ఇళ్ళు మునిగిపోయాయి. బేస్‌మెంటులో, కింది అంతస్తులో ఉండేవారి గదుల్లోకి నీళ్ళు వస్తే నేలమీద పెట్టిన హీటరు మొదట తడుస్తుంది. ఆరబెట్టి వాడుకుందాం అనుకోవడం సహజమే. కాని ముందు ఈ పాఠం చదవండి.

ఎందుకు ప్రమాదం?

ఇక్కడ కరెంటు 240 వోల్టులు. హీటరు పైకి ఆరినట్లు కనిపించినా లోపల తడి, బురద, ఉప్పు మిగిలి ఉంటాయి. అందువల్ల షాక్ కొట్టవచ్చు, మంటలు రావచ్చు. 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికులు ఉండే భవనం కాలిపోయి కనీసం 45 మంది భారతీయులు చనిపోయారు. షార్ట్ సర్క్యూట్ వల్ల మంటలు లేచాయని కువైట్ అగ్నిమాపక శాఖ తెలిపింది.

వెంటనే చేయవలసినవి

1. నీళ్ళలో నిలబడి ప్లగ్గును, స్విచ్చును ముట్టుకోవద్దు.
2. మెయిన్ స్విచ్ పొడిగా ఉండి, పొడి నేలమీద నుండి అందితేనే ఆపండి. లేకపోతే గది బయటకు వచ్చి హారిస్‌ను (బిల్డింగ్ కాపలాదారును) పిలవండి.
3. కరెంటు ఆగిన తరువాతే ప్లగ్గు తీయండి.
4. ఫోనుతో ఫోటోలు తీసుకోండి.

ఏది బాగవుతుంది?

ఆయిల్ హీటరు: నూనె ఉండే భాగం మూసి ఉంటుంది, దాన్ని విప్పకూడదు. స్విచ్చులు ఉన్న పెట్టెలోకి నీరు పోకుండా కింది భాగం మాత్రమే తడిస్తే బాగయ్యే అవకాశం ఉంది. తుడిచి, నిలబెట్టి, గాలి తగిలే చోట కనీసం మూడు రోజులు ఆరనివ్వండి. తరువాత ఎలక్ట్రీషియన్ మెగ్గర్‌తో పరీక్ష చేయాలి. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే వాడవద్దు.

ఫ్యాన్ హీటరు, ఎర్రగా కాలే రాడ్ల హీటరు: నీటిలో మునిగితే వదిలేయండి.

మురుగు నీటిలో మునిగినది, తుప్పు పట్టినది, ప్లగ్గు కరిగినది ఏ రకమైనా వాడవద్దు. పారేసే ముందు ప్లగ్గు తీసి ఉందని చూసుకుని వైరు కత్తిరించండి. లేకపోతే ఇంకొకరు తీసుకుపోయి వాడతారు.

ఎప్పుడూ చేయకూడనివి

- "కాసేపు వేస్తే అదే ఆరిపోతుంది" అని తడి హీటరును ఆన్ చేయడం.
- బ్రేకర్ పడిపోతుంటే మళ్ళీ మళ్ళీ ఎత్తడం. అది మిమ్మల్ని కాపాడటానికే పడుతోంది.
- 2000 వాట్ల హీటరును పలుచని ఎక్స్‌టెన్షన్ వైరుకు తగిలించడం. అది 8 ఆంపియర్లకు పైగా లాగుతుంది.
- హీటరు లేదని గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, తలుపులు మూసి పడుకోవడం. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

హీటరు కంపెనీదైతే

పారేయకముందే క్యాంపు ఇన్‌ఛార్జికి రాసి ఇచ్చి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. వరద మీ తప్పు కాదు. ఖర్చును జీతంలో కోస్తే ఫోటోలు, కాపీ, జీతం స్లిప్పు తీసుకుని రాయబార కార్యాలయం లేబర్ విభాగానికి రండి.

అపాయం జరిగితే 112కు ఫోన్ చేయండి. షాక్ కొట్టిన మనిషిని కరెంటు ఆపకుండా చేత్తో పట్టుకోవద్దు.

గుర్తుంచుకోండి: హీటరు మళ్ళీ కొనుక్కోవచ్చు. ఇంటి దగ్గర ఎదురుచూసే వాళ్ళకు కావలసింది మీరు.