ఒకరు పోయిన తరువాత మిగిలినవారి సంబంధములు

ఒక మనిషి కన్నుమూసినప్పుడు ఇంటిలోని లోటు అందరికీ కనపడుతుంది. ఆయన మూలముగా ఒకరికొకరు తెలిసినవారి మధ్య ఏర్పడే లోటు మాత్రము వెంటనే కనపడదు. వర్తకులమైన మనము ఈ రెండవ లోటును గురించి ఆలోచించవలసివున్నది.

మా సాస్తి రాజురా తాలూకాలోని ఊరు. ఈ తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో, ఆదిలాబాదు జిల్లాలో వుండేది. పిమ్మట బొంబాయి రాష్ట్రములో చేరి, 1960 నుండి మహారాష్ట్రలో వున్నది. అందుచేత తెలుగు, మరాఠీ, గోండీ మాట్లాడేవారు, బొగ్గుగనుల పనికి వచ్చినవారు ఇక్కడ కలిసి బ్రతుకుతున్నారు. ఇటువంటి చోట పత్తి రైతును అడ్తీదారుతో, గని కార్మికుని ఇల్లు అద్దెకిచ్చేవారితో కలిపేది తరచుగా కొట్టులో కూర్చున్న పెద్దమనిషే. ఆయన పోతే ఖాతాలోని బాకీలు నిలుస్తాయి. “ఫలానావారికి మాట మీద ఇవ్వవచ్చును” అన్న నమ్మకము ఏ ఖాతాలోను వుండదు.

విలియం హాబ్స్, మొయిరా బర్క్ అనే పరిశోధకులు చనిపోయినవారి ఫేస్‌బుక్ స్నేహితులను గురించి 2017లో ఒక పరిశోధన ప్రకటించినారు. ఆ స్నేహితులు తమలో తాము మునుపటికంటే ఎక్కువగా పలకరించుకొన్నారనీ, పోయిన రాకపోకలకు దాదాపు సరిపడే రాకపోకలు మళ్ళీ ఏర్పడినవనీ అందులో తేలింది. అయితే ఒకరి ముఖము ఒకరు ఎరుగనివారు ఆ విధముగా కలియుట కష్టము.

మన సంప్రదాయములోను దృష్టాంతము వున్నది. భగవాన్ మహావీరుని పదకొండుమంది గణధరులలో తొమ్మిదిమంది స్వామి వుండగానే మోక్షము పొందినారు. వారి శిష్యులు చెదరిపోలేదు. సుధర్మస్వామి గణములో చేరినారని శ్వేతాంబరులు చెప్పుదురు. చేరవలసిన చోటు వున్నది గనుక సంఘము నిలిచినది.

కాబట్టి ఆరోగ్యముగా వున్నప్పుడే ఈ పనులు చేయవలెను:

1. మన పిల్లలను గల్లా దగ్గర కూర్చోబెట్టుటతో సరిపెట్టక, ఖాతాదారుల ఇండ్లకు తీసుకువెళ్ళి పరిచయము చేయవలెను.

2. మన ద్వారా మాత్రమే ఎరిగినవారిని ఒకరికొకరు ఎదురెదురుగా కలపవలెను.

3. నోటిమాట అప్పులు, పూచీలు ఇంటి ఆడవారికి కూడా తెలిసేటట్లు వ్రాసివుంచవలెను.

ఇక పరామర్శకు వెళ్ళినవారు రెండు నెలల తరువాత మరొకసారి ఆ గుమ్మము ఎక్కవలెను. బాకీదారులు రావడము మానేది, ఎవరిని అడగవలెనో ఆ ఇల్లాలికి తోచనిది అప్పుడే.